సైన్యమే లేని రాజు యుద్ధానికి ఎలా బయల్దేరాడు: 1415లో ఇంగ్లండ్ చేసిన సన్నాహం

1415 వేసవిలో ఇంగ్లండ్ రాజు ఐదో హెన్రీ తన కిరీటాల్లో ఒకదాన్ని తమ్ముడి దగ్గర తాకట్టు పెట్టాడు. తమ్ముడంటే క్లారెన్స్ డ్యూక్ థామస్. ఆయన దగ్గరికి వెళ్లాక ఆ కిరీటం ఒక్కటిగా కూడా లేదు, దాన్ని విడగొట్టి రత్నాలు పొదిగిన ముక్కల్ని తన కింద పనిచేసే నైట్స్‌కి, అంటే గుర్రం మీద పోరాడే బిరుదున్న యోధులకి, హామీగా పంచేశాడు. ఎందుకంటే వాళ్లందరికీ జీతాలు ఇవ్వాలి, ఇవ్వడానికి ఖజానాలో నగదు లేదు.

ఇదే రాజు ఆ ఏడాది ఆగస్టులో దాదాపు 12,000 మందితో సముద్రం దాటి ఫ్రాన్స్‌లో దిగాడు, అక్టోబర్ 25న అజిన్‌కోర్ట్ దగ్గర గెలిచాడు. ఆ యుద్ధం గురించి సినిమాలు, వీడియోలు, చర్చలు బోలెడు ఉన్నాయి గానీ చూసినవాళ్లకి వచ్చే డౌట్లు మాత్రం ఎప్పుడూ ఒకటే. రాజు పిలిస్తే అందరూ వచ్చేయాల్సిందేనా? సైనికులకి జీతం ఉండేదా? తిండి ఎవరు పెట్టారు? అన్ని ఓడలు ఎక్కడివి? జవాబులు విడివిడిగా దొరుకుతాయి గానీ ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో తెలియక గందరగోళంగా ఉంటుంది, అందుకే ఈ ఒక్క ఏడాదినే పట్టుకుని మొదట్నుంచీ చూద్దాం. నాకైతే యుద్ధం కంటే దానికి ముందు నడిచిన ఈ తొమ్మిది నెలలే ఎక్కువ ఆశ్చర్యంగా అనిపిస్తాయి.

ప్రభుత్వం అంటే ఎవరు? కొన్ని ముద్రలు, కొంతమంది గుమస్తాలు, ఒక గళ్ల గుడ్డ

ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. అప్పట్లో ఇంగ్లండ్ రాజుకి పర్మనెంట్ సైన్యం లేదు. ఫ్రాన్స్ తీరంలో ఇంగ్లండ్ చేతిలో ఉన్న కలే పట్టణంలో, ఇంకా కొన్ని కోటల్లో జీతానికి ఉండే కాపలా దళాలు, రాజు ఇంట్లో పనిచేసే నైట్లు, అంతే. సొంత ఓడలు కూడా చాలా తక్కువ. రాజు దగ్గర నిజంగా ఉన్నది ఆఫీసులు.

చాన్సరీ ఒక ఆఫీసు. పెద్ద రాజముద్ర అక్కడే ఉంటుంది, దేశమంతటికీ వెళ్లే ఆర్డర్లు దాని కిందే బయటికి వస్తాయి. ప్రివీ సీల్ ఆఫీసుది చిన్న ముద్ర, రాజూ ఆయన మంత్రిమండలీ రోజువారీ తీసుకునే నిర్ణయాలు ఆ ముద్రతో కదులుతాయి. డబ్బు వ్యవహారం మొత్తం ఎక్స్‌చెకర్ చూస్తుంది. ఆ పేరు చదరంగం బల్లలాంటి గళ్ల గుడ్డ నుంచి వచ్చింది, టేబుల్ మీద ఆ గుడ్డ పరిచి గళ్లలో బిళ్లలు పెట్టి కూడికలూ తీసివేతలూ చేసేవాళ్లు. జిల్లాల్లాంటి కౌంటీల్లో షెరీఫ్‌లు ఉంటారు, మన కలెక్టర్ లాగా కింద జరగాల్సిన ప్రతి పనీ చివరికి వాళ్ల నెత్తి మీదకే వస్తుంది.

ఎక్స్‌చెకర్ ఇచ్చే రశీదు కాగితం కాదు, కర్ర. ఎక్కువగా హేజెల్ చెట్టు కర్ర. దాని మీద గాట్లు పెడతారు, వెయ్యి పౌండ్లకి అరచెయ్యి మందం గాటు, వందకి బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక్క పౌండ్‌కి బాగా పండిన బార్లీ గింజంత. తర్వాత కర్రని నిలువునా రెండుగా చీల్చి ఒక ముక్క డబ్బు కట్టినవాడికి ఇస్తారు, రెండోది ఆఫీసులో ఉంటుంది. మోసం చేయాలంటే రెండు ముక్కల మీదా గాట్లు మార్చాలి, అది కుదరదు. ఈ పద్ధతి ఎంత గట్టిదంటే వందల ఏళ్లు నడిచింది, 1834లో పనికిరాని పాత కర్రల్ని తగలబెడుతుంటేనే లండన్‌లో పార్లమెంట్ భవనం అంటుకుని కాలిపోయింది.

ఇంగ్లండ్ రాజు యుద్ధానికి సిద్ధమవడం అంటే ముందుగా ఈ ముద్రలూ కర్రలూ కదలడం.

పాత పద్ధతి ఎందుకు పనికిరాలేదు

అంతకుముందు సైన్యం ఎలా పోగయ్యేదో తెలిస్తేనే 1415లో కొత్తేంటో అర్థమవుతుంది. పాత ఫ్యూడల్ పద్ధతిలో రాజు దగ్గర భూమి పొందినవాడు బదులుగా యుద్ధ సేవ చేయాలి. విజయనగరంలో అమరనాయకులకి భూమి ఇచ్చి సైన్యం తెమ్మనేవాళ్లు కదా, పోలిక పూర్తిగా సరిపోదు గానీ వాసన అదే. ఇంగ్లండ్‌లో ఆ సేవకి వాడుకలో ఉన్న గడువు 40 రోజులు. పక్క ఊరి మీదకి వెళ్లడానికి 40 రోజులు చాలు, సముద్రం దాటి ఒక కోటని ముట్టడించాలంటే ఏ మూలకీ సరిపోవు.

ఇంకో దారి, ఊళ్ల నుంచి మనుషుల్ని ఏరడం. 1285లో వచ్చిన వించెస్టర్ చట్టం ప్రకారం 15 నుంచి 60 ఏళ్ల మధ్య మగవాళ్లందరూ తమ ఆస్తిని బట్టి ఆయుధాలు ఇంట్లో పెట్టుకోవాలి. రాజు నియమించిన కమిషనర్లు కౌంటీలకి వెళ్లి వాళ్లని వరసలో నిలబెట్టి ఏరుకుంటారు, దీన్ని అర్రే అంటారు. దేశం మీదకి ఎవరైనా వస్తే కాపాడుకోవడానికి ఇది బాగానే పనికొచ్చేది, కానీ ఇష్టం లేనివాడిని లాక్కెళ్లి విదేశంలో ఏడాది పాటు పోరాడించడం కష్టం, ఖర్చు ఎవరిదన్న గొడవ ప్రతిసారీ వచ్చేది. 1415లో కూడా అర్రే పద్ధతి వాడారు, కానీ రాజు వెళ్లాక స్వదేశాన్ని కాపలా కాయడానికి మాత్రమే. మే నెలాఖరులో ఆ ఆర్డర్లు వెళ్లాయి, స్కాట్లాండ్ వైపు నుంచి దాడి వస్తుందన్న భయం ఉంది కాబట్టి.

ఫ్రాన్స్ వెళ్లే సైన్యం మాత్రం దాదాపు పూర్తిగా ఒప్పందాల మీద పోగైంది.

ఇండెంచర్: గుంపు మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చినట్టు

మన దగ్గర పెద్ద కట్టడం పని ఉంటే ఓనర్ ఒక్కో కూలీని వెతుక్కోడు, గుంపు మేస్త్రీతో మాట్లాడతాడు. ఇన్ని రోజులు, ఇంతమంది, రోజుకి ఇంత, ముందు ఇంత అడ్వాన్స్. మేస్త్రీ తన ఊరి నుంచి, చుట్టాల నుంచి మనుషుల్ని తెస్తాడు. 1415 సైన్యం సరిగ్గా ఇలాగే తయారైంది. రాజు ఓనర్, డ్యూకులూ ఎర్ల్‌లూ అనే పెద్ద బిరుదుల ప్రభువులూ, నైట్లూ, చిన్న జమీందార్లూ మేస్త్రీలు. ఏప్రిల్‌లో వెస్ట్‌మినిస్టర్‌లో పెద్దల సభ జరిగి రేట్లు ఖాయం చేశారు, ఏప్రిల్ 29న చాలా ఒప్పందాల మీద సంతకాలు అయ్యాయి, మొత్తం మీద ఇలాంటి కెప్టెన్లు కొన్ని వందల మంది. రాజు తమ్ముడు క్లారెన్స్ ఒక్కడే 240 మంది కవచధారుల్ని, 720 మంది విలుకాళ్లని తెస్తానన్నాడు. సర్ థామస్ ఎర్పింగ్‌హామ్ 20 మందిని, 60 మందిని. లెక్క చాలావరకు ఒకటే, ఒక కవచధారికి ముగ్గురు విలుకాళ్లు.

ఒప్పందాన్ని ఒకే తోలు కాగితం మీద రెండుసార్లు రాసి మధ్యలో పళ్లు పళ్లుగా, రంపం అంచులా కోస్తారు. చెరో ముక్క. రేపు గొడవ వస్తే రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే పళ్లు కలవాలి. ఆ పళ్ల కోత వల్లే దానికి ఇండెంచర్ అని పేరు, లాటిన్‌లో దంతం అనే మాట నుంచి వచ్చింది. ఈ మాట మనకి కొత్త కాదు, నాలుగు వందల ఏళ్ల తర్వాత గోదావరి, విశాఖ ప్రాంతాల నుంచి మారిషస్‌కీ నటాల్‌కీ ఫిజీకీ వెళ్లిన తెలుగు కూలీలు వేలిముద్ర వేసింది కూడా ఇండెంచర్ మీదే. పేరు ఒకటే గానీ బతుకులు వేరు. 1415లో సంతకం పెట్టినవాడు రాజుతో బేరమాడగలిగే స్థాయి మనిషి, మన కూలీలకి ఆ వీలు ఎక్కడిది.

ఇప్పుడు రేట్లు. అప్పటి పౌండ్‌లో 20 షిల్లింగులు, షిల్లింగులో 12 పెన్నీలు, మన పాత రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు ఉన్నట్టు. రోజుకి డ్యూక్‌కి 13 షిల్లింగుల 4 పెన్నీలు, ఎర్ల్‌కి 6 షిల్లింగుల 8 పెన్నీలు, నైట్‌కి 2 షిల్లింగులు, మామూలు కవచధారికి 1 షిల్లింగు, విలుకాడికి 6 పెన్నీలు. విలుకాడి జీతం తక్కువేం కాదు, అప్పట్లో పనితెలిసిన వడ్రంగికి కూడా రోజుకి నాలుగైదు పెన్నీలే వచ్చేవి, అది కూడా పని దొరికిన రోజున. జీతం పైన కెప్టెన్‌కి రిగార్డ్ అనే బోనస్ ఉంటుంది, ప్రతి 30 మంది కవచధారులకి మూడు నెలలకి 100 మార్కులు. మార్కు అంటే నాణెం కాదు, లెక్కల కోసం వాడే మాట, 13 షిల్లింగుల 4 పెన్నీలు.

ఒక నైట్‌ని తీసుకుందాం. తనతో కలిపి 10 మంది కవచధారులు, 30 మంది విలుకాళ్లు. రోజుకి తనకి 2 షిల్లింగులు, మిగతా తొమ్మిది మందికి 9, విలుకాళ్లకి 15, మొత్తం 26 షిల్లింగులు. మూడు నెలలు అంటే 91 రోజులకి 118 పౌండ్ల 6 షిల్లింగులు. పైన బోనస్ సుమారు 22 పౌండ్లు. మొత్తం 140 పౌండ్లు దాటింది, ఇది ఒక్క చిన్న గుంపుకి, ఒక్క క్వార్టర్‌కి.

దోపిడీ సొమ్ముకి కూడా ముందే లెక్క రాసుకున్నారు. ఒక విలుకాడు ఒక ఫ్రెంచ్‌వాడిని పట్టుకుని 9 పౌండ్లు వసూలు చేసి వదిలాడనుకోండి, అందులో మూడో వంతు, 3 పౌండ్లు కెప్టెన్‌కి, ఆ మూడులో మూడో వంతు, 1 పౌండ్ రాజుకి, మిగిలిన 6 విలుకాడివి. దొరికినవాడు ఫ్రాన్స్ రాజో రాకుమారుడో అయితే మాత్రం వాడు ఐదో హెన్రీ సొత్తు, పట్టుకున్నవాడికి తగిన బహుమానం ఇస్తారు.

ఇంకో క్లాజు నాకు భలే అనిపిస్తుంది. చాలా ఒప్పందాల్లో రెండు రేట్లు ఉన్నాయి. ఉత్తరాన ఫ్రాన్స్‌కి వెళ్తే రోజువారీ రేటు, దక్షిణాన గుయెన్ ప్రాంతానికి వెళ్తే ఏడాదికి కవచధారికి 40 మార్కులు, విలుకాడికి 20. అంటే సంతకం పెట్టినవాడికి తాను ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పలేదు. గూఢచారులకి దొరక్కుండా గమ్యాన్ని దాచడానికే అలా రాశారని చాలామంది అనుకుంటారు, అది నిజమే అనిపిస్తుంది.

పన్ను ఒకటి, అప్పు ఒకటి, తాకట్టు ఒకటి

మొత్తం సైన్యానికి లెక్క వేద్దాం, 2,500 కవచధారులు, 8,000 విలుకాళ్లు అని రౌండ్ చేసుకుని. రోజుకి 125 పౌండ్లు ప్లస్ 200 పౌండ్లు, 325. మూడు నెలలకి దాదాపు 29,600. బోనస్‌లు కలిపితే 35,000 దాటుతుంది. ఒప్పందం ఏడాదికి, అంటే 1,40,000 పౌండ్లు. ఇందులో ఓడలు లేవు, ఫిరంగులు లేవు, కలే కాపలా లేదు, డ్యూకులకి ఇచ్చే ఎక్కువ రేట్లు కూడా లేవు.

రాబడి వైపు చూస్తే, 1414 నవంబర్‌లో పార్లమెంట్ రెండు పన్నులు మంజూరు చేసింది. ఈ పన్ను పేరు పదో వంతు, పదిహేనో వంతు. పట్టణాల్లో చరాస్తిలో పదో వంతు, పల్లెల్లో పదిహేనో వంతు అని దాని మొదటి అర్థం, కానీ 1334లోనే ప్రతి ఊరికీ ఒక కోటా ఫిక్స్ చేసేశారు, ఆ తర్వాత ఎవడి ఆస్తినీ కొలవలేదు. ఊరి మీద ఇంత అని పడుతుంది, ఎవరెంత కట్టాలో ఊళ్లోవాళ్లే పంచుకోవాలి. ప్లేగు వచ్చి సగం ఊరు ఖాళీ అయినా కోటా మాత్రం కదలదు, తగ్గించమని మొరపెట్టుకున్న ఊళ్లు చాలానే ఉన్నాయి. ఒక్కో పన్నుకి దేశం మొత్తం మీద 37,000 నుంచి 38,000 పౌండ్లు వస్తాయి. రెండూ కలిపితే 76,000 లోపు, పైగా మొదటిది 1415 ఫిబ్రవరిలో వస్తే రెండోది 1416 ఫిబ్రవరికి గానీ రాదు. చర్చి పెద్దలు విడిగా తమ వంతు ఇచ్చారు, ఉన్ని ఎగుమతి మీద సుంకం ఎలాగూ ఉంది. అయినా జూన్‌లో సైనికుడి చేతిలో పెట్టాల్సిన డబ్బు చేతికందలేదు.

అందుకని అప్పులు. మే నెలలో రాజు పేరుతో దేశమంతా ఉత్తరాలు వెళ్లాయి, బిషప్‌లకి, మఠాలకి, పట్టణాలకి. లండన్ నగరం 10,000 మార్కులు ఇచ్చింది, బదులుగా బంగారు హారం ఒకటి తాకట్టుగా తీసుకుంది. రిచర్డ్ విట్టింగ్టన్ లాంటి లండన్ వ్యాపారులు రాజుకి ఎన్నోసార్లు అప్పిచ్చారు. లండన్‌లో ఉన్న ఇటలీ వ్యాపారుల్ని పిలిపించి అడిగారు, వాళ్లు కాదంటే కొందరిని జైల్లో పెట్టారు, కాబట్టి అప్పు అనే మాట అందరికీ ఒకేలా వర్తించలేదు. వడ్డీ తీసుకోవడం చర్చి దృష్టిలో పాపం, అందుకే పత్రాల్లో వడ్డీ కనిపించదు, లోపల ఏదో రూపంలో ఉండేదా అన్నది ఇప్పటికీ చరిత్రకారులు తేల్చుకోలేదు.

సైనికులకి జీతం ఇచ్చే ఏర్పాటు ఇలా ఉంది. మొదటి మూడు నెలల జీతంలో సగం సంతకం అప్పుడు, సగం మనుషుల్ని లెక్క చూపించినప్పుడు. రెండో క్వార్టర్‌కి నగదు లేదు, నగలు. రాజుగారి ఖజానా గదుల్లోంచి బంగారు గిన్నెలు, శిలువలు, కిరీటాలు, పూజా సామగ్రి బయటికొచ్చాయి, ఒక్కోదానికీ తూకం, విలువ రాసి ఒక్కో కెప్టెన్‌కి అప్పజెప్పారు. యార్క్ డ్యూక్‌కి ఓడ ఆకారంలో ఉన్న పెద్ద వెండి పళ్లెం వచ్చింది. షరతు ఏంటంటే 1417 జనవరి 1 లోపు రాజు డబ్బిచ్చి విడిపించుకోవాలి, లేకపోతే కెప్టెన్ అమ్ముకోవచ్చు. మన ఇళ్లల్లో విత్తనాలకో పిల్ల పెళ్లికో బంగారం తాకట్టు పెట్టినవాళ్లకి ఆ గడువు తేదీ ఎంత బరువుగా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఓడలు, గుర్రాలు, ఈకలు

డబ్బు ఒక ఎత్తు, సరుకు ఒక ఎత్తు. మార్చి నుంచే హాలండ్, జీలండ్‌లకి మనుషుల్ని పంపి ఓడలు అద్దెకి మాట్లాడారు. ఏప్రిల్‌లో ఇంకో ఆర్డర్, 20 టన్‌ల పైన సరుకు పట్టే ప్రతి ఓడనీ, స్వదేశీదైనా విదేశీదైనా, రేవుల్లో ఆపేయండి అని. ఈ ఆపడాన్ని అప్పట్లో అరెస్ట్ అనేవాళ్లు. ఓడ ఓనర్ పరిస్థితి ఆలోచించండి, సరుకు ఎక్కించుకుని బోర్డో వెళ్లి ద్రాక్షసారా తెచ్చుకోవాల్సిన సీజన్‌లో అతని ఓడ రాజు పని మీద వారాల తరబడి రేవులో కట్టేసి ఉంటుంది. నావికుడికి రోజుకి 3 పెన్నీలు, వారానికి 6 పెన్నీల బోనస్ ఉంటుంది గానీ ఓడ ఖాళీగా ఉన్న రోజులకి ఓనర్‌కి సరైన పరిహారం లేదని పార్లమెంట్‌లో ఎన్నిసార్లు మొరపెట్టుకున్నారో లెక్క లేదు.

అన్ని ఓడలు ఎందుకంటే గుర్రాల కోసం. ఒప్పందంలో డ్యూక్‌కి 50 గుర్రాలు, ఎర్ల్‌కి 24, నైట్‌కి 6, కవచధారికి 4, విలుకాడికి 1 తీసుకెళ్లొచ్చని ఉంది, రానూపోనూ రవాణా రాజుది. ఇందాకటి నైట్ గుంపుకి వేస్తే 6 ప్లస్ 36 ప్లస్ 30, మొత్తం 72 గుర్రాలు, మనుషులు 40 మందే. ఈ గుర్రాలకి గడ్డి, నీళ్లు, కదలకుండా తడికలతో గదులు. మనిషి మూలన ముడుచుకుని కూర్చుంటాడు, గుర్రం కూర్చోదు.

తిండి విషయంలో చాలామంది పొరబడతారు. రాజు రేషన్ ఇవ్వలేదు. జీతం ఇస్తున్నాం కదా, కొనుక్కోండి అన్నదే లెక్క. ప్రభుత్వం చేసింది మార్కెట్ ఏర్పాటు. హాంప్‌షైర్ షెరీఫ్‌కి ఆర్డర్ వెళ్లింది, సైన్యం వస్తోంది, ఊళ్లల్లో రొట్టెలు కాల్చమనండి, బీరు కాయమనండి అని. కొన్ని కౌంటీల షెరీఫ్‌లకి పశువులు కొనమని చెప్పారు. జులై చివర్లో వెళ్లే ప్రతివాడూ మూడు నెలలకి సరిపడా తిండి వెంట తెచ్చుకోవాలని చాటింపు వేయించారు.

ఆయుధాల్లో లండన్ టవరే పెద్ద గోడౌన్. విల్లు ఎవరిది వాళ్లే తెచ్చుకునేవాళ్లు, బాణాలు మాత్రం రాజు నిల్వ చేయాల్సిందే, ఎందుకంటే ఒక కట్ట అంటే 24 బాణాలు, నిమిషానికి పది వేస్తే మూడు నిమిషాల్లో కట్ట ఖాళీ. బాణం నిటారుగా వెళ్లాలంటే వెనక మూడు ఈకలు కట్టాలి, పెద్దబాతు రెక్క ఈకలు. అజిన్‌కోర్ట్ తర్వాత రెండో దండయాత్రకి, 1417లో, చాలా కౌంటీల షెరీఫ్‌లకి ఒక ఆర్డర్ వెళ్లింది, ప్రతి పెద్దబాతు నుంచి ఆరేసి రెక్క ఈకలు పీకించి లండన్ పంపమని, పిల్లల్ని పొదిగేవాటిని వదిలేయమని. మరుసటి ఏడాది అడిగిన లెక్క 11,90,000 ఈకలు. మూడు చొప్పున వేసుకుంటే దాదాపు 3,97,000 బాణాలు. ఒక కట్టకి 72 ఈకలు, అంటే 12 పెద్దబాతులు. వెస్ట్‌మినిస్టర్‌లో ముద్ర పడిన ఆర్డర్ చివరికి ఎక్కడో పల్లెటూళ్లో ఒక ఆడమనిషి పెరట్లో బాతుని ఒళ్లో అదిమి పట్టుకుని ఈకలు లాగేదాకా వచ్చి ఆగుతుంది. రాజ్యం ఎంత లోపలికి చొరబడగలదో నాకు ఈ ఒక్క ఆర్డర్‌లోనే బాగా కనిపిస్తుంది. 1416లో చెక్క చెప్పులు చేసేవాళ్లు ఆస్పెన్ కలప వాడకూడదని చట్టం చేశారు, బాణాలకి కావాలని.

వైద్యుల్ని కూడా ఒప్పందం మీదే తీసుకున్నారు, శస్త్రవైద్యుడు థామస్ మోర్‌స్టెడ్ తన వృత్తివాళ్లు 12 మందితో వచ్చాడు. గోడల కింద సొరంగాలు తవ్వడానికి గని కార్మికులు, ఫిరంగులు పేల్చేవాళ్లు, వడ్రంగులు, కమ్మర్లు, వాయిద్యాలవాళ్లు కూడా వెళ్లారు.

పేరు పక్కన చుక్క

జులైలో సౌతాంప్టన్ చుట్టుపక్కల మైదానాల్లో ఎవరి గుంపు వాళ్లు వచ్చి దిగారు. ఎక్స్‌చెకర్ గుమస్తాలు జాబితా పట్టుకుని ఒక్కొక్కర్నీ పిలుస్తారు, మనిషి కనిపిస్తే పేరు పక్కన సిరాతో చుక్క. 60 మందిని తెస్తానని 50 మందిని తెచ్చి 60 మంది జీతం తీసుకోవడం పాత రోగమే, దానికి మందు ఈ చుక్క. ఆ తోలు చుట్టలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, మామూలు విలుకాళ్ల పేర్లు వరసగా ఉంటాయి, చరిత్రలో వాళ్లకి మిగిలింది ఆ పేరూ ఆ చుక్కే.

అన్నీ సిద్ధమయ్యాక ఓడలెక్కే ముందు, జులై 31న, రాజుని తప్పించే కుట్ర బయటపడింది. దోషులుగా తేలినవాళ్లు కేంబ్రిడ్జ్ ఎర్ల్ రిచర్డ్, మాషమ్ లార్డ్ హెన్రీ స్క్రోప్, సర్ థామస్ గ్రే. ముగ్గురికీ రోజుల వ్యవధిలో మరణశిక్ష పడింది. కేంబ్రిడ్జ్, స్క్రోప్ ఇద్దరూ ఇండెంచర్ మీద సంతకం పెట్టిన కెప్టెన్లే, స్క్రోప్ అంతకుముందు నాలుగో హెన్రీ కాలంలో కోశాధికారి కూడా. పళ్లు కలిసే పత్రం జీతానికి గ్యారంటీ ఇస్తుంది, మనసుకి ఇవ్వదు. ఆగస్టు 11న ఓడలు కదిలాయి.

చరిత్రకారులు ఎక్కడెక్కడ విడిపోతారు

మొదటి తగాదా, ఐదో హెన్రీకి నిజంగా సంధి కావాలా, లేక రాయబారాలు నాటకమా. ఒక పక్షం చెప్పేది, ఆయన ఫ్రాన్స్ సింహాసనం, లేదంటే పాత ఒప్పందాల్లోని భూభాగాలు, రాకుమారి కేథరిన్‌తో పెళ్లి, 20 లక్షల క్రౌన్ల (ఫ్రెంచ్ బంగారు నాణేల) కట్నం అడిగాడు, ఎవరూ ఒప్పుకోరని తెలిసే అడిగాడు, ఓడలు పోగవుతుండగానే ఇంకా మాటలు నడిపాడు అని. రెండో పక్షం చెప్పేది, ఎక్కువ అడిగి తక్కువకి దిగడం అప్పటి రాయబారాల్లో మామూలే, కట్నాన్ని తర్వాత నిజంగానే బాగా తగ్గించాడు, పైగా 1414లో పెద్దలు ముందు రాయబారం పంపమన్నారు, ఆయన పంపాడు అని. నా మట్టుకు నాకు రెండూ కలిసే ఉన్నాయనిపిస్తుంది, మంచి ఆఫర్ వస్తే తీసుకునేవాడేమో, కానీ రాదన్న అంచనాతోనే ఏర్పాట్లు చేసుకున్నాడు. పన్ను వేయించుకోవాలంటే ఇది న్యాయమైన యుద్ధమని పార్లమెంట్ నమ్మాలి, నమ్మాలంటే రాయబారం విఫలమవ్వాలి.

రెండోది ఇంకా లోతైనది. ఇదంతా బలమైన ప్రభుత్వానికి గుర్తా, బలహీనతకి గుర్తా? బలం అనేవాళ్లు చూపించేది లెక్కలు, రికార్డులు, దేశం మూలమూలకీ చేరే ఆర్డర్లు. జనాభాలో, సంపదలో తమకంటే ఎంతో పెద్దదైన ఫ్రాన్స్ మీదకి వెళ్లగలిగారంటే కారణం అదే అంటారు. బలహీనత అనేవాళ్లు కిరీటం తాకట్టుని చూపిస్తారు, ప్రతిదానికీ ఎవరో ఒకరి ఒప్పుకోలు అవసరమైన రాజు బలవంతుడెలా అవుతాడు అంటారు. ఆ ఒప్పుకోలు అడగాల్సి రావడం వల్లే పార్లమెంట్ గట్టిపడింది అన్నది ఇంకో వాదన, కానీ అది ప్రతిసారీ నిజం కాదు. అజిన్‌కోర్ట్ వార్త వచ్చిన కొద్ది రోజులకే, 1415 నవంబర్‌లో, అదే పార్లమెంట్ ఉన్ని సుంకాన్ని రాజుకి జీవితాంతం రాసిచ్చేసింది. అడగాల్సిన అవసరం ఒక గెలుపుతో తగ్గిపోయింది.

మూడోది పల్లెల భారం. విలుకాళ్ల జీతాల రూపంలో డబ్బు తిరిగి ఊళ్లకే వచ్చిందని కొందరంటారు. వచ్చింది, కానీ కట్టిన ఊరికీ తిరిగొచ్చిన ఊరికీ సంబంధం లేదు, కోటాని పంచుకునేటప్పుడు ఊళ్లో నోరున్నవాడు తక్కువ కట్టడం ఎక్కడైనా జరిగేదే.

యుద్ధం అయిపోయింది, లెక్క తెగలేదు

ఫ్రాన్స్‌లో దిగాక మొదట ముట్టడించిన హార్‌ఫ్లర్ రేవు పట్టణం సెప్టెంబర్ 22న లొంగింది గానీ ముట్టడిలో విరేచనాల రోగం సైన్యాన్ని తినేసింది. వెయ్యికి పైగా జబ్బు మనుషుల్ని ఇంటికి పంపారు, వాళ్ల పేర్లు కూడా జాబితా రాసి మరీ పంపారు, రాజు అనుమతి లేకుండా వెళ్లినవాడికి జీతం రాదు కాబట్టి. తర్వాత కెప్టెన్లు ఎక్స్‌చెకర్ ముందు లెక్క చెప్పుకోవాలి, నా గుంపులో ఫలానావాడు ఫలానా రోజు చనిపోయాడు, ఫలానావాడు హార్‌ఫ్లర్‌లో కాపలాకి ఉండిపోయాడు, ఫలానావాడు అజిన్‌కోర్ట్‌లో పోయాడు. చచ్చిపోయినవాడికి ఏ రోజు దాకా జీతం కట్టాలి, ముందే ఎక్కువ ఇచ్చి ఉంటే ఎవరు వెనక్కివ్వాలి, ఇలాంటి ప్రశ్నలు చివరికి రాజు దాకా వెళ్లాయి.

నగల గడువు 1417 జనవరి 1 వచ్చింది, వెళ్లింది. చాలా వస్తువులు విడిపించలేదు. యార్క్ డ్యూక్ అజిన్‌కోర్ట్‌లోనే చనిపోయాడు, క్లారెన్స్ 1421లో ఫ్రాన్స్‌లోనే ఇంకో పోరులో చనిపోయాడు, ఐదో హెన్రీ 1422లో 35 ఏళ్లకే పోయాడు. కొడుకు ఆరో హెన్రీ అప్పటికి తొమ్మిది నెలల పసివాడు. ఆ పిల్లాడు పెద్దవాడై రాజ్యం చేస్తున్న రోజుల్లో కూడా ఎక్స్‌చెకర్‌కి 1415 కెప్టెన్ల వారసులు వస్తూనే ఉన్నారు, తండ్రి దాచిన పళ్ల కోత పత్రం ఒక చేత్తో, తాకట్టు వస్తువు ఇంకో చేత్తో.